ప్రజాసాక్ష్యము

అన్యాయము జరుగుట లోకమునకు క్రొత్త కాదు. జరిగినదని నలుగురిచేత ఒప్పించుట మాత్రము ఏ కాలమునందైనను కష్టమే. బలవంతుడు బలహీనుని వీధిలో కొట్టినప్పుడు చూచినవారు పదిమంది యుందురు. సాక్ష్యమునకు రమ్మన్న ఒక్కడును ముందుకు రాడు. వచ్చినను వానిది మాటయే గదా! మాటకు మాట ఎదురు నిలుచును. కడపట బలవంతుని మాటయే కాగితముల కెక్కును. చరిత్రరచనకు ఆధారము లేవని విచారించువారి కీ లోపము తెలియనిది కాదు. శాసనములు రాజులు వేయించినవి. దస్త్రములు కచేరీలు వ్రాయించినవి. సామాన్యజనుల మాట నీటిమూటయై పోయినది.

గడచిన ముప్పది సంవత్సరములలో ఈ స్థితిని రెండు సాధనములు మార్చినవి. ఒకటి, ఎవ్వరైనను తాము కన్నదానిని పట్టి క్షణములో లోకమునకు చూపగల వీడియో. రెండవది, ముఖపరిచయము లేనివారెందరో ఒకే పుటపై కూడి వ్రాయుటకును దిద్దుటకును వీలు కల్పించు వికీలు, పటములు మొదలగు అంతర్జాల సాధనములు. మొదటిది ప్రజలకు కన్ను, రెండవది చేయి. ఈ రెండును ప్రజాజీవనమున ఎచ్చట మేలొనర్చినవో, ఎచ్చట కీడు తెచ్చినవో, మన కుటుంబములకు వీనివలన ఏర్పడిన బాధ్యత యేమో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ చరిత్రకు పీఠికగా అంతర్జాలము వ్యాపింపకమునుపు జరిగిన సంఘటన నొకదానిని చెప్పవలెను. 1991 మార్చి 3వ తేదీ రాత్రి అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున రోడ్నీ కింగ్ అను నల్లజాతీయుని పోలీసులు లాఠీలతో కొట్టుచుండిరి. జార్జి హాలిడే అను గృహస్థుడు తన మేడమీదినుండి వీడియో కెమెరాతో దానిని పట్టెను. ఆయన దానిని లోకమునకు చూపవలెనన్న ఒక టెలివిజను సంస్థకు ఈయవలసివచ్చెను. వేరు దారి లేదు. దేశమంతయు ఆ చిత్రమును చూచెను. అయినను మరుసటి సంవత్సరము ఏప్రిల్ 29న జ్యూరీ ఆ పోలీసులను ముఖ్యాభియోగములనుండి విడిచిపెట్టెను. వారి న్యాయవాదులు ఆ చిత్రమునే తునకతునకగా ఆపి చూపి, ప్రతి దెబ్బకును ఒక సమర్థనమును కల్పించిరి. తీర్పు విన్న నగరము భగ్గుమన్నది. ఆ కల్లోలమున ఏబదిమందికి పైగా మరణించిరి. 1993లో మరియొక న్యాయస్థానమున ఇద్దరు పోలీసులకు శిక్ష పడెను గాని పోయిన ప్రాణములు తిరిగి రాలేదు. కన్ను చూచినంతమాత్రమున న్యాయము జరుగదని దీనివలన తేటపడుచున్నది. చూచినదానిని కాలము, స్థలము, పూర్వాపరములతో కూర్చి, ఇతర సాక్ష్యములతో సరిపోల్చి నిలుపు చేయి కూడ కావలెను.

అట్టి చేయి 1995లో పుట్టినది. పోర్ట్‌లాండ్ నగరవాసియగు వార్డ్ కన్నింగ్‌హామ్ అను ప్రోగ్రామరు తన వృత్తివారు అనుభవములను కలసి వ్రాసికొనుటకై, చదువువాడే దిద్దగల పుటలను నిర్మించి మార్చి 25న అందరికి తెరచెను. హొనొలూలూ విమానాశ్రయమున ప్రయాణికులను చేరవేయు బస్సుకు ‘వికీ వికీ’ యని పేరు. హవాయి భాషలో దానికి త్వరగా అని యర్థము. ఆ పేరే ఈ పద్ధతికి నిలిచెను. తరువాత 2000లో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ అనువారు నూపీడియా యను విజ్ఞానసర్వస్వము నారంభించిరి. పండితులు వ్రాయవలెను, ఏడు మెట్లలో పరీక్ష జరుగవలెను, అప్పుడుగాని ప్రకటింపరాదు అని దాని నియమము. నియమము గొప్పదే గాని పని నత్తనడక నడిచెను. 2001 జనవరి 15న వారే వికీ పద్ధతితో వికీపీడియాను తెరచిరి. సంవత్సరము తిరుగునప్పటికి అందు దాదాపు 20,000 వ్యాసములు చేరెను.

ఎవరు పడితే వారు వ్రాసినదానిని ఎట్లు నమ్మవలెనని పెద్దలు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. 2005లో జాన్ సీగెన్‌తాలర్ అను ప్రసిద్ధ పత్రికాసంపాదకుని జీవితచరిత్రలో, అధ్యక్షుడు కెన్నెడీ హత్యతో ఆయనకు సంబంధమున్నట్లు ఎవడో ఒక యబద్ధమును చేర్చగా, అది నాలుగు నెలలు ఎవరి కంటను పడక నిలిచెను. అయినను వికీ పద్ధతిలో నున్న బలమును గమనింపవలెను. ప్రతి పుటకు వెనుక చరిత్రపుట యొకటి యుండును. ఎవరు, ఏనాడు, ఏ మాట చేర్చిరో, ఏ మాట తీసిరో అంతయు నందు కనబడును. ప్రక్కనే చర్చాపుట యుండును. అభిప్రాయభేదము కలవారు అచ్చట వాదించుకొందురు. ఆధారము చూపని వాక్యమును ఎవ్వరైనను నిలదీయవచ్చును. అచ్చుపుస్తకమున తప్పు దొరలినచో రెండవ కూర్పుదాక అది యట్లే యుండును. ఎవరు చేసిరో తెలియదు. ఇచ్చట తప్పును, దిద్దుబాటును, దిద్దినవాడును అందరి యెదుటనే యుందురు. ప్రజాస్వామ్యమునకు ఇంతకంటె మంచి పాఠశాల దొరకుట యరుదు.

కన్ను విషయమున మలుపు 2005లో వచ్చినది. ఆ ఫిబ్రవరిలో చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీమ్ అను మువ్వురు యువకులు యూట్యూబును స్థాపించిరి. ఏప్రిల్ 23న అందు ఎక్కిన మొదటి వీడియో 19 సెకండ్లది. జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట కరీమ్ నిలిచి రెండు మాటలు చెప్పుటయే అందలి విషయము. ఇంత స్వల్పముగా మొదలైనదానిని మరుసటి సంవత్సరము అక్టోబరులో గూగుల్ సంస్థ 165 కోట్ల డాలర్ల విలువకు కొనుటకు ఒప్పుకొనెను. 2006 ఆగస్టులోనే దీని రాజకీయబలము బయటపడెను. వర్జీనియా రాష్ట్రమున సెనేటరు జార్జి అలెన్ ఎన్నికల సభలో, ప్రత్యర్థిపక్షమున వీడియో తీయుచున్న భారతసంతతి యువకుని చూపి, కోతిజాతిని సూచించు ఒక హీనమైన మాటతో పిలిచెను. ఆ వీడియో దేశమంతయు తిరిగెను. నవంబరులో అలెన్ స్వల్పవ్యత్యాసముతో ఓడెను. ఆ స్థానముతో సెనేటున పక్షముల బలాబలములు తారుమారయ్యెను. ఒక ఊరి సభలో ఆడిన మాట ఆ ఊరితోనే పోవునన్న నాయకుల ధీమా ఆనాటితో అంతరించెను.

కన్నును చేయియు కలిసిన తొలి గొప్ప యుదాహరణము ఆఫ్రికాలోని కెన్యాలో కనబడుచున్నది. 2007 డిసెంబరు 27న అచ్చట అధ్యక్షుని ఎన్నిక జరిగెను. 30వ తేదీన ఫలితము ప్రకటింపబడగానే అక్రమములు జరిగినవని కలహములు చెలరేగెను. రెండు నెలలలో 1,100 మందికి పైగా చంపబడిరి. లక్షలాది జనులు ఇండ్లు విడిచి పారిపోయిరి. ప్రభుత్వము ప్రత్యక్షప్రసారములను నిషేధించెను. ఎచ్చట ఏమి జరుగుచున్నదో పత్రికలకే తెలియని స్థితి. అప్పుడు ఓరీ ఒకొల్లో అను న్యాయశాస్త్రము చదివిన స్త్రీ, జరుగుచున్న ఘోరములను పటముపై గుర్తించి నిలుపుట కెవరైనను సాయపడగలరా యని అంతర్జాలమున ప్రశ్నించెను. జూలియానా రోటిచ్, ఎరిక్ హర్స్‌మన్, డేవిడ్ కోబియా మొదలగువారు కొలది దినములలోనే ఆ సాధనమును నిర్మించిరి. దాని పేరు ఉషాహిది; స్వాహిలీ భాషలో సాక్ష్యమని యర్థము. చేతి ఫోనునుండి సంక్షిప్తసందేశముగా గాని, అంతర్జాలముద్వారా గాని ఎవరైనను సమాచారము పంపవచ్చును. స్వచ్ఛందసేవకులు సాధ్యమైనంతవరకు దానిని విచారించి పటముపై నుంచుచుండిరి. కచేరీ దస్త్రమునకు దొరకని గ్రామములు, చావులు, మంటలు ఆ పటముపైకి ఎక్కెను. ఒక్కొక్క మాట గాలికి పోవునది. వందల మాటలు ఒక పటముపై కూడినపుడు దేశమునకు దర్పణమయ్యెను.

రెండేండ్లకు అదే సాధనము వేరొక దేశమున ప్రాణరక్షణకు పనికివచ్చినది. 2010 జనవరి 12న హైతీ దేశమును భూకంపము నేలమట్టము చేసెను. రాజధానికి సరియైన వీధిపటము లేదు. 2004లో బ్రిటనున స్టీవ్ కోస్ట్ ఆరంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉమ్మడి పటమునకు నానాదేశముల స్వచ్ఛందసేవకులు పూనుకొని, ఉపగ్రహచిత్రములను చూచి వీధివీధిని గీచిరి. శిథిలములనుండి క్రియోల్ భాషలో వచ్చుచున్న సందేశములను పరదేశములలోని హైతీవారు భాషాంతరీకరించి పంపిరి. తమ యింటి బల్లయొద్ద కూర్చుండియే వేల మైళ్ల దూరమున నున్న సహాయకులకు వారు దారి చూపిరి.

పైవి ఆపత్కాలపు మాటలు. శాంతికాలమున పరిపాలనకు ఈ సాధనములు తోడుపడునా యను ప్రశ్నకు తైవాను చరిత్రము సమాధాన మిచ్చుచున్నది. 2012లో అచ్చటి యువప్రోగ్రాములు కొందరు, ప్రభుత్వము ప్రజలకు అర్థముకాని రీతిని తన పనులను ప్రకటించుకొనుచున్నదని విసిగి, జీరోగవ్ అను సంఘముగా ఏర్పడిరి. ఆదాయవ్యయపట్టికలను సామాన్యులకు తెలియు బొమ్మలుగా మార్చుట వారి తొలిపనులలో నొకటి. 2014 మార్చి 17న చీనాతోడి సేవావ్యాపారపు ఒడంబడికపై సాగవలసిన విచారణ ముగిసినదని శాసనసభా సంఘాధ్యక్షుడు సుమారు అరనిమిషములో ప్రకటించెను. మరునాటి రాత్రి విద్యార్థులు శాసనసభామందిరమున ప్రవేశించి, ఏప్రిల్ 10 వరకు అందే యుండిరి. లోపల జరుగుచున్నదానిని వీడియోలో ఎడతెగక ప్రసారము చేసిరి. జీరోగవ్‌వారు ప్రసారములన్నిటిని ఒకచోట కూర్చి, మాటలను ఉమ్మడి పుటలపై వ్రాసి ఉంచిరి. వెలుపలి వేలమందికి లోపలి విషయము దాపరికము లేక తెలియుచుండుటచేత వదంతులకు చోటు తగ్గినది. ఉద్యమము ఉద్రేకముగా మొదలైనను క్రమశిక్షణతో ముగిసినది.

అంతకంటె ముఖ్యము తరువాతి ఘట్టము. ఆ సంవత్సరము డిసెంబరులో మంత్రిణి జాక్లిన్ త్సాయ్ జీరోగవ్ సమావేశమునకు స్వయముగా వచ్చి, ప్రజలు కూడి చర్చించు వేదిక నొకదానిని నిర్మింపుడని కోరెను. వీతైవాను అను వేదిక యట్లేర్పడెను. 2015లో ఊబర్ అను అద్దెకార్ల సంస్థవలన టాక్సీవారికిని సంస్థకును వివాదము రాగా, పోలిస్ అను సాధనముతో ప్రజాభిప్రాయమును సేకరించిరి. ఈ సాధనపు కిటుకు చెప్పదగినది. ఒకడు తన యభిప్రాయమును ఒక వాక్యముగా వ్రాయును. ఇతరులు దానికి ఔననవచ్చును, కాదనవచ్చును, ఊరకుండవచ్చును. ఎదురుమాట వ్రాయుటకు మాత్రము వీలులేదు. తిట్టుకు తిట్టు పెరుగు దారియే మూయబడినది. కాదనువాడు తన మాటను వేరుగా వ్రాసి పదిమంది సమ్మతి సంపాదింపవలెను. సమానాభిప్రాయము కలవారెవరో యంత్రము పటముగా చూపును. అన్ని పక్షములవారును ఒప్పిన వాక్యములను పైకి తెచ్చును. కలహించుచున్నట్లు తోచినవారు ప్రయాణికుల క్షేమము, బీమా, పన్నుల విషయమున ఏకీభవించిరని తేలినది. నిబంధనలు ఆ మార్గమున నేర్పడెను. 2016లో ఆ ఉద్యమమునుండి వచ్చిన ఆడ్రీ టాంగ్ మంత్రిపదవి నందిరి. అయితే ఈ వేదిక తీర్మానములకు ప్రభుత్వము కట్టుబడవలెనను శాసనము లేనందున, కాలక్రమమున దాని యుపయోగము సన్నగిల్లెనని కూడ చెప్పకతప్పదు. ప్రజల చేయి వ్రాసినదానికి అధికారి చేవ్రాలు తోడుకావలెను గదా.

మరల అమెరికాకు వత్తము. 2020 మే 25న మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని మెడపై డెరిక్ షావిన్ అను పోలీసు తొమ్మిది నిమిషములకు పైగా మోకాలు మోపి యుండగా ఆ యభాగ్యుడు ప్రాణము విడిచెను. పోలీసుశాఖ వెలువరించిన తొలి ప్రకటనలో ఇది పోలీసుల సమక్షమున సంభవించిన వైద్యసంబంధమగు మరణమన్నట్లు వ్రాయబడెను. మోకాలి మాటయే అందు లేదు. ఆ కాగితమే నిలిచియుండినచో చరిత్రమును అదే యయ్యెడిది. కాని దారిన పోవుచున్న పదునేడేండ్ల బాలిక, డార్నెల్లా ఫ్రేజియర్, బెదరక నిలిచి తన ఫోనులో ఆద్యంతము చిత్రించి లోకమునకు చూపెను. విచారణలో ఆ వీడియో ఒంటరిగా నిలువలేదు. ఇతర కెమెరాల చిత్రములు, వైద్యుల వాఙ్మూలములు, పోలీసుశాఖాధిపతి సాక్ష్యము నిమిషనిమిషమునకు దానితో జతపడెను. 2021 ఏప్రిల్ 20న షావిన్ దోషియని జ్యూరీ తీర్మానించెను. జూనులో పులిట్జర్ బహుమానసంఘము ఆ బాలికను ప్రత్యేకముగా గౌరవించెను. 1992నాటి తీర్పునకును దీనికిని గల వ్యత్యాసమును చదువరులు సరిపోల్చిచూతురు గాక. బాలిక నిలిచి తీయుట సాక్ష్యము. అందరు కూర్చి నిలుపుట న్యాయము.

ఇక రెండవ ప్రక్కను చూడవలెను. కన్ను చూపినదెల్ల సత్యమని నమ్మినచో ఎట్టి ఘోరము సంభవించునో మనదేశమే చూచినది. పాకిస్తానులోని కరాచీలో పిల్లల రక్షణనుగూర్చి ప్రజలకు బోధించుటకై తీసిన చిన్న చిత్రమొకటి కలదు. అందు మోటారుసైకిలుపై వచ్చినవారు బాలుని ఎత్తుకొనిపోయి, తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక చూపుదురు. ఎవరో కడపటి భాగమును కోసివేసి, నిజముగా పిల్లల నెత్తుకొనిపోవుచున్నారని 2018లో ఫోనులకు పంపిరి. దానితోను, అటువంటి ఇతర వదంతులతోను దేశమున పలుచోట్ల అమాయకులు హతులైరి. జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామమున సంచారజాతికి చెందిన బిచ్చగాండ్రైదుగురిని జనులు కొట్టి చంపిరి. కోసివేయబడిన ఆ కొన్ని క్షణముల చిత్రమే కూటసాక్షి యయ్యెను. అదే సంవత్సరము తెలంగాణమున జోగులాంబ గద్వాల ప్రాంతపు పోలీసధికారిణి రమా రాజేశ్వరి గారు ఊరూరికి తన సిబ్బందిని పంపి, డప్పులతోను పాటలతోను దండోరా వేయించి, ఫోనులో వచ్చినదెల్ల నమ్మవలదని చెప్పించిరి. ఆ వదంతులవలన ఆమె యేలుబడిలోని గ్రామములలో ఒక్క ప్రాణమును పోలేదు. నూతనయంత్రము పెట్టిన మంటను ప్రాతడప్పు ఆర్పినది! గ్రామమున నమ్మకము కలిగిన మనిషి నోట వచ్చిన మాటకు సాటి మరియొకటి లేదు.

చూచువారుండుటయే కొందరికి నేరమునకు ప్రేరణమగుటయు కలదు. 2019 మార్చి 15న న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరమున మసీదులలో 51 మందిని చంపిన దుర్మార్గుడు తన హత్యలను ఫేస్‌బుక్కున ప్రత్యక్షప్రసారము చేసెను. అట్టివానిని తీసివేయవలెననుటకు సందేహ మెవరికి? కాని తీసివేయు అధికారము ఎవరిచేతిలో నున్నదను ప్రశ్న వేరు. 2017లో యూట్యూబు ఉగ్రవాదచిత్రములను తొలగించుటకు నియమించిన యంత్రము సిరియా యుద్ధమున ప్రజలు ప్రాణములకు తెగించి తీసిన దృశ్యములను కూడ వేలసంఖ్యలో మాపివేసెను. సిరియన్ ఆర్కైవ్ అను సంఘమువారు వానిని వెదకి, ప్రతులు దాచి, ఏనాటివో ఎచ్చటివో గుర్తించి, రానున్న విచారణలకై భద్రపరచుటకు పూనుకొనిరి. మన ఊరి రచ్చబండ ఊరందరిది. ఈ నూతనపు రచ్చబండ ఒక వ్యాపారసంస్థ ఆస్తి. ఎవరి మాట ముందు వినబడవలెనో ఆ సంస్థయే తన లాభముననుసరించి నిర్ణయించును. ఉద్రేకము కలిగించునది ఎక్కువసేపు చూడబడును; ఎక్కువసేపు చూడబడునది మరింత ముందుకు తేబడును. సంస్కారమును కోరువారు ఈ సంగతిని మరువరాదు.

మన భాషకు ఈ విషయమున గొప్ప వారసత్వము కలదు. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి నెలకొల్పబడినది. దానికి ప్రాణమైన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు గారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తలపెట్టి, మూడు సంపుటములు వెలువరించి, పని ముగియకయే 1923లో కీర్తిశేషులైరి. 1914లో బెజవాడలో గ్రంథాలయసంఘ మేర్పడి, పుస్తకమును పల్లెకు చేర్చుట దేశసేవయని చాటినది. ఒక మహనీయుని యాయువు చాలని పని పదివేల చేతులు కలిసినచో సాగును. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలైనది. తొలిదినములలో కంప్యూటరుపై తెలుగక్షరములు టైపు చేయుటయే పెద్ద ప్రయాస. అట్టి దశనుండి గ్రామముల చరిత్రములు, కవుల జీవితములు, శాస్త్రవిషయములు వేతనము కోరని స్వచ్ఛందసేవకుల కృషివలన అందు చేరినవి. తెలుగు వికీసోర్సున ప్రాతగ్రంథములు ఉచితముగా చదువుటకు దొరకుచున్నవి.

కాని ఒక కొరత చెప్పవలెను. ప్రపంచమున వికీపీడియా వ్రాయువారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. వ్రాయనివారి యనుభవము చరిత్రమున కెక్కదు. వంటయింటి వైద్యము, మగ్గపుపని మాటలు, పురిటిగది యాచారములు, ఊరి జాతర, మన అమ్మమ్మలు పాడిన పాటల వివరము ఎవరు వ్రాయుదురు? కచేరీ దస్త్రములు స్త్రీలను మరచినవని శతాబ్దములుగా విచారించుచున్నాము. అందరికి తెరచిన దస్త్రమున కూడ స్త్రీలు లేనిచో ఆ విచారమునకు అంతమెప్పుడు? చదువుకొన్న ప్రతి గృహమునందును వారమున కొక గంట ఇందుకై కేటాయించుట అసాధ్యము కాదు. తన ఊరినిగూర్చి ఆధారముతో ఒక్క పుట వ్రాయుట, ఉన్న పుటలో ఒక్క తప్పు దిద్దుట, ఇంటి పిల్లలకు ఆ చరిత్రపుటను తెరచి చూపి సత్యము ఎట్లు దిద్దుకొనుచు సాగునో నేర్పుట, ఇవి చాలును.

ఫోనులో ఒక వీడియో వచ్చినప్పుడు దానిని పదిమందికి పంపుటకు ముందు ఇంటిలో పెద్దలును పిన్నలును కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని తీసిన దెవరు? ఏనాడు, ఎచ్చట తీసిరి? దీనికి ముందును వెనుకను ఏమి జరిగినది? దీనిని వేరెవరైనను ధ్రువపరచిరా? సమాధానము దొరకనిచో అది మన చేతిలోనే నిలిచిపోవలెను. కన్నెదుట అన్యాయము జరిగినపుడు మాత్రము మినియాపొలిస్ బాలికవలె నిలిచి చూడవలెను, చూచినదానిని దాచవలెను, అడిగినవారికి నిర్భయముగా చెప్పవలెను. తొందరపడి పంపుటయు పిరికితనముచే దాచుటయు రెండును సత్యమునకు ద్రోహములే. వీనిలో మొదటిది నేడు మన యిండ్లలో పెరుగుచున్నది, రెండవది ప్రాతరోగము. రెంటిని మానుకొన్న నాడే ఈ సాధనములు మనకు స్వరాజ్యసాధనములగును.